.22 మ్యాచ్ తూటాల ఎంపిక: 50 మీటర్ల రైఫిల్ షూటర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త రైఫిల్ చేతికొచ్చిన షూటర్ ముందుగా అడిగేది "ఏ బ్రాండ్ మంచిది?" అని. ఏళ్ల తరబడి ఆడినవాళ్లు అడిగేది "ఏ లాట్ దొరుకుతోంది?" అని, అంటే ఒకే విడతలో తయారైన ఏ తూటాలున్నాయని. కింది జవాబులన్నీ .22 లాంగ్ రైఫిల్ తూటాతో 50 మీటర్ల ప్రోన్ (పడుకుని కొట్టేది), త్రీ పొజిషన్ (మోకాలి మీద, పడుకుని, నిలబడి కొట్టేది) ఈవెంట్లు ఆడేవారికి. అంతకన్నా దూరాల గురించి చివర్లో కొంత ఉంది.

మ్యాచ్ గ్రేడ్ అంటే ఏమిటి? మామూలు .22 తూటాకీ దీనికీ తేడా ఎక్కడ?

రెండిట్లోనూ సీసం బుల్లెట్ 40 గ్రెయిన్లే, అంటే దాదాపు 2.6 గ్రాములు. ఇత్తడి తొడుగు కొలతలూ అవే. తేడా అంతా ఒక తూటాకీ పక్క తూటాకీ మధ్య పోలికలో ఉంటుంది. .22లో మందు గ్రాములో పదో వంతు కూడా ఉండదు. పిన్ దెబ్బకు మందును అంటించే ప్రైమర్ మిశ్రమాన్ని తడిగా ఉండగానే తొడుగు అంచులోకి తిప్పి నింపుతారు. అంచు చుట్టూ అది సమానంగా పరుచుకోకపోతే ఒక తూటా చురుగ్గా, ఇంకోటి మందకొడిగా పేలుతుంది. బుల్లెట్ మడమ (సన్నని వెనక భాగం) తొడుగులోకి దిగే బిగువు, అంచు మందం, బుల్లెట్ మీది మైనం పూత, వీటిలో ఏది అటూ ఇటూ అయినా ఆ తేడా టార్గెట్ మీద కనబడుతుంది.

సెంటర్‌ఫైర్ (ప్రైమర్ తొడుగు అడుగు మధ్యలో ఉండే తూటా) షూటర్లు తమ తూటాలను తామే నింపుకుని రైఫిల్‌కు తగ్గట్టు సరిచేసుకోగలరు. ప్రైమర్ అంచులో ఉండే .22 లాంటి రిమ్‌ఫైర్‌లో ఆ వీలు లేదు. ఫ్యాక్టరీ ఏమిస్తే అదే. మన చేతిలో ఉన్న పని ఏరుకోవడం ఒక్కటే. అందుకే దాన్ని ఇంత సీరియస్‌గా తీసుకోవాలి.

అన్నిటికన్నా ఖరీదైన బాక్స్ కొనేస్తే పోలేదా?

పోదు. తూటాల కంపెనీ ల్యాపువా వారి సెంటర్-ఎక్స్, మైడాస్ ప్లస్, ఎక్స్-యాక్ట్ మూడింటికీ ప్రకటించిన వేగం ఒకటే, సెకనుకు 327 మీటర్లు. పై గ్రేడ్‌కు వెళ్లేకొద్దీ వడపోత గట్టిగా ఉంటుంది. అంటే ఎక్కువ డబ్బు పెడితే మంచి లాట్ తగిలే అవకాశం పెరుగుతుందే తప్ప, మీ బ్యారెల్‌కు అది నప్పుతుందన్న హామీ రాదు. మీ రైఫిల్‌కు కుదిరిన సెంటర్-ఎక్స్ లాట్, కుదరని ఎక్స్-యాక్ట్ లాట్‌ను తేలిగ్గా ఓడిస్తుంది. ఇతర కంపెనీల పై గ్రేడ్లు ఈలీ టెనెక్స్, ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్50 విషయంలోనూ ఇంతే.

మా సలహా: బడ్జెట్ పరిమితమైతే పై గ్రేడ్ ఒకే లాట్ గుడ్డిగా కొనకండి. మధ్య గ్రేడ్‌లో నాలుగైదు లాట్లు పరీక్షించి, నెగ్గినదాన్ని ఎక్కువగా కొనండి.

లాట్ అంటే సరిగ్గా ఏమిటి? ఎక్కడ చూడాలి?

ఒకే యంత్రం మీద, ఒకే విడత సరుకుతో (మందు, ప్రైమర్, సీసం, ఇత్తడి) వరుసగా తయారైన తూటాల గుంపు లాట్. దాని నంబరు 50 తూటాల బాక్స్ మీద అచ్చు వేసి ఉంటుంది. ఈలీ మ్యాచ్ బాక్సుల మీద ఆ లాట్ సగటు వేగాన్ని కూడా సెకనుకు ఇన్ని అడుగులని ముద్రిస్తారు.

పది బాక్సులు కలిపిన ఇటుక 500 తూటాలు, పది ఇటుకల కేస్ 5,000. దుకాణంలో ఇటుక కవర్ ఇదివరకే చించి ఉంటే లోపలి పది బాక్సుల నంబర్లూ విడివిడిగా చూసుకోండి. వేర్వేరు లాట్ల బాక్సులు కలిసిపోయిన ఇటుక ప్రాక్టీస్‌కు సరే, పోటీకి పనికిరాదు. ఖాళీ బాక్సుల్లోంచి ఒకటి దాచి పెట్టుకోవడం మంచి అలవాటు, ఆరు నెలల తర్వాత నంబరు గుర్తుండదు.

ఏ వేగం ఉన్నది తీసుకోవాలి?

మంచి మ్యాచ్ తూటాలన్నీ సెకనుకు 320 నుంచి 335 మీటర్ల మధ్యే ఉంటాయి. కారణం శబ్దవేగం. గాలిలో అది 20 డిగ్రీల వద్ద 343 మీటర్లు, ప్రతి డిగ్రీకీ దాదాపు 0.6 మీటర్లు మారుతుంది. శబ్దవేగాన్ని దాటి బయల్దేరిన బుల్లెట్ దారిలో వేగం తగ్గి ఆ గీత దాటేటప్పుడు కుదుపుకు లోనవుతుంది. ఎప్పుడూ గీతకు కిందే ఉండేది ఆ బాధ పడదు. పెట్టె మీద 'హై వెలాసిటీ' అని రాసిన తూటాలు టార్గెట్ షూటింగ్‌కు ఎందుకు పనికిరావో ఇందులోనే ఉంది. వాటికి గాలి పోటు కూడా ఎక్కువే తగులుతుంది. బుల్లెట్ వేగంగా వెళ్తే గాలి తక్కువ తోస్తుందని అనిపిస్తుంది గానీ, ఈ వేగాల దగ్గర నిజం అందుకు తలకిందులు.

ఈ హద్దుల్లో ఉన్నంతవరకు 326 మంచిదా, 331 మంచిదా అని తల బద్దలు కొట్టుకోకండి. ఒకే బ్యారెల్ ఎప్పుడూ ఒకే వేగం దగ్గర బాగా కొడుతుందని నమ్మేవాళ్లున్నారు. మొదటి లాట్లు ఎంచడానికి అది సూచనగా పనికొస్తుంది, తీర్పుగా కాదు.

ఒక తూటాకీ ఇంకో తూటాకీ వేగంలో తేడా వస్తే స్కోరు ఎంత పోతుంది?

లెక్క చూడండి. 50 మీటర్లు వెళ్లేలోపు బుల్లెట్ బ్యారెల్ గీత నుంచి దాదాపు 12 సెంటీమీటర్లు పడుతుంది. వేగం 3 శాతం, అంటే సెకనుకు 10 మీటర్లు తగ్గితే ఆ పడటం 6 శాతం పెరుగుతుంది. అంటే సుమారు 7 మిల్లీమీటర్లు.

ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో టెన్ రింగ్ వ్యాసం 10.4 మి.మీ., తర్వాతి ప్రతి రింగుకూ వ్యాసం 16 మి.మీ. పెరుగుతుంది. దశాంశాల్లో లెక్కించే డెసిమల్ స్కోరింగ్‌లో కేంద్రం నుంచి ప్రతి 0.8 మి.మీ.కూ 0.1 పోతుంది. అంటే ఆ 7 మి.మీ. ఖరీదు దాదాపు 0.9. నడి మధ్యలో పడాల్సిన 10.9 కాస్తా 10.0 అవుతుంది. తప్పు మీ ట్రిగ్గర్‌ది కాకపోయినా మీరు ట్రిగ్గర్‌నే తిట్టుకుంటారు.

ఇదే లెక్కను ఇంకో వైపు నుంచి చూస్తే, ప్రతి షాటూ సగటున 0.8 మి.మీ. దగ్గరికి తెచ్చే లాట్ 60 షాట్ల ప్రోన్ మ్యాచ్‌లో 6 పాయింట్లు ఇస్తుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల ప్రోన్ ఫైనల్లో జాయ్‌దీప్ కర్మాకర్ 699.1తో నాలుగో స్థానంలో నిలిచారు, కాంస్యం 701.0కు వెళ్లింది. ఆ స్థాయిలో ఎన్ని పతకాలు ఎంత సన్నని గీతల మీద ఆధారపడతాయో దీన్నిబట్టి చూడవచ్చు. త్రీ పొజిషన్ క్వాలిఫికేషన్‌లో పూర్తి అంకెల స్కోరే గనుక అక్కడ చిన్న తేడాలు కొంత దాగుతాయి, ఫైనల్లో డెసిమల్ రాగానే మళ్లీ బయటపడతాయి.

లాట్ టెస్ట్ సొంతంగా ఎలా చేయాలి?

నాలుగు నుంచి ఆరు లాట్లు, ఒక్కోదానివి రెండు బాక్సులు (100 తూటాలు) తెచ్చుకోండి. అంతకన్నా తక్కువైతే ఫలితం లాటరీ లాంటిది. గాలి లేవని పొద్దుటి వేళ రేంజ్‌కు వెళ్లండి. మన ఊళ్లలో వేసవిలో తొమ్మిది దాటితే గాలీ ఎండా రెండూ ఇబ్బంది పెడతాయి. ఇండోర్ 50 మీటర్ల రేంజ్ దొరికితే అదృష్టమే.

రైఫిల్‌ను వైస్‌లో బిగించే వీలుంటే అదే మేలు. లేకపోతే ముందు గట్టి రెస్టు, వెనక ఇసుక సంచీ పెట్టి బెంచీ మీద నుంచి కొట్టండి. టెస్టుకు ముందే యాక్షన్ (బోల్ట్ ఉండే లోహ భాగం)ను స్టాక్‌కు బిగించే స్క్రూలు టార్క్ రెంచితో తయారీదారు చెప్పిన బిగువుకు సరిచేయండి. సగం టెస్టయ్యాక స్క్రూ వదులని తేలితే అప్పటిదాకా కొట్టిన తూటాలన్నీ వృథా.

ప్రతి లాట్‌కూ మొదటి 20 తూటాలు లెక్కలోకి తీసుకోకుండా కొట్టేయండి. ఎందుకో కింద చెప్పాం. తర్వాత పదేసి షాట్ల గ్రూపులు నాలుగు, ఒక్కో గ్రూపుకు కొత్త టార్గెట్. గ్రూపు సైజు అంటే బాగా దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్య దూరం. షాటుకూ షాటుకూ మధ్య 15–20 సెకన్లు, ఒకే లయలో. తూటాను వేడెక్కిన చాంబర్‌లో పెట్టి ఆలోచిస్తూ కూర్చోవద్దు, మందు వేడెక్కి ఆ షాట్ పైకి పోతుంది. గాలి జెండా పూర్తిగా మారిపోతే ఆగండి.

మిగిలిన 40 తూటాలూ ఇంకో రోజుకు ఉంచండి. ఆ రోజు లాట్ల వరుస తిరగేయండి. మొదటి రోజు చివర కొట్టిన లాట్‌కు మురికి బ్యారెల్, ఎండ, మీ అలసట అన్నీ కలిసి అన్యాయం చేసి ఉండొచ్చు.

వైస్‌లో నెగ్గిన మొదటి రెండు లాట్లను ఆఖరికి భుజం మీద నుంచి ప్రోన్‌లో స్లింగ్‌ (చేతికి చుట్టుకునే పట్టీ)తో కొట్టి చూడండి. వైస్‌లో బిగించిన బ్యారెల్ కంపించే తీరూ, భుజానికి ఆనిన బ్యారెల్ కంపించే తీరూ ఒకటి కావు. అరుదుగా అయినా వరుస తారుమారవుతుంది.

ఐదు షాట్ల గ్రూపులు చాలవా?

చాలవు. సగటున పది షాట్ల గ్రూపు ఐదు షాట్ల గ్రూపు కన్నా నాలుగో వంతు పెద్దదిగా వస్తుంది. కాబట్టి ఎవరైనా "నా రైఫిల్ 10 మి.మీ. కొడుతుంది" అంటే ఎన్ని షాట్లకని ముందు అడగాలి. ఐదు షాట్లలో అదృష్టం పాత్ర చాలా పెద్దది.

పదేసి షాట్ల గ్రూపులు నాలుగు తీసినా సగటులో అటూ ఇటూ పది శాతం దాకా ఊగిసలాట ఉంటుంది. ఒక లాట్ సగటు 14 మి.మీ., ఇంకోది 15 మి.మీ. వచ్చిందంటే రెండూ సమానమే అనుకోండి. చవకది తీసుకోండి. 13కీ 18కీ మధ్య తేడా మాత్రం నిజమైనదే.

గుర్తుంచుకోవాల్సిన కొలమానం ఒకటుంది: రంధ్రాల కేంద్రం నుంచి కేంద్రానికి 16 మి.మీ. లోపల ఉన్న గుండ్రటి గ్రూపు సరిగ్గా నడిమధ్య పడితే అన్నీ టెన్లే. 40 షాట్లు కలిపి వేసినా ఆ కొలతలో ఉన్న లాట్ దొరికితే ఆలస్యం చేయకండి.

గ్రూపు సైజుతో పాటు ఆకారమూ చూడండి. నిలువుగా సాగితే వేగంలో తేడాలు. అడ్డంగా సాగితే గాలి, లేదా రెస్టు మీద రైఫిల్ కూర్చున్న తీరు. తొమ్మిది ఒకచోట పడి ఒకటి ఎక్కడో పడటం ప్రతి గ్రూపులోనూ జరుగుతుంటే, సగటు ఎంత అందంగా ఉన్నా ఆ లాట్ వద్దు. పోటీలో ఆ ఒక్కటి ఎప్పుడొస్తుందో తెలియదు.

కంపెనీలే టెస్ట్ చేసి ఇస్తాయంటారు?

ఇస్తాయి. ల్యాపువా రిమ్‌ఫైర్ తూటాలు జర్మనీలోని షోనెబెక్‌లో తయారవుతాయి, ఎస్‌కే బ్రాండ్‌వీ అక్కడే. టెస్ట్ రేంజీ అక్కడే ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఆరిజోనాలోని మెసాలో ల్యాపువా సెంటర్ ఉంది. ఈలీ ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ దగ్గర టెస్ట్ చేస్తుంది. రైఫిల్ యాక్షన్‌ను, లేదా స్టాక్‌తో సహా మొత్తాన్ని బిగించి, చేతిలో ఉన్న లాట్లన్నీ వరుసగా కొట్టి, ఎలక్ట్రానిక్ టార్గెట్ లెక్కలతో కాగితం చేతికిస్తారు. నచ్చిన లాట్‌ను అక్కడే బుక్ చేసుకోవచ్చు. యూరప్‌లో శిక్షణకో పోటీకో వెళ్లే షూటర్‌కు ఇది ఇంట్లో చేసే ఏ టెస్టుకన్నా మేలు. వెళ్లే ముందు అపాయింట్‌మెంట్ తీసుకుని, బ్యారెల్ బాగా శుభ్రం చేసి, ఇప్పుడు వాడుతున్న మీ మంచి లాట్ ఒక బాక్స్ పోలిక కోసం పట్టుకెళ్లండి.

బ్రాండ్ మార్చగానే మొదటి పది పదిహేను షాట్లు ఎందుకు చెదురుతాయి?

మైనం వల్ల. .22 బుల్లెట్ తొడుగంత లావే ఉంటుంది గనుక పూత బయటే ఉండి బ్యారెల్ లోపల పల్చటి పొరగా అంటుకుంటుంది. ఒక్కో కంపెనీ పూత ఒక్కో రకం. కొత్త పూత పాతదాన్ని తుడిచి తన పొర వేసుకునే దాకా రాపిడి మారుతూ ఉంటుంది, దాంతో వేగమూ మారుతుంది. శుభ్రం చేసిన వెంటనే కూడా ఇంతే. ఈ కారణం తెలియక రెండు బ్రాండ్లనూ ఐదైదు షాట్లు మార్చి మార్చి కొట్టి "రెండూ బాగాలేవు" అని తేల్చేసేవారు చాలామంది.

మ్యాచ్ రోజు ప్రాక్టీస్ బ్రాండ్‌తో సైటర్లు (లెక్కలోకి రాని సరిచూసుకునే షాట్లు) కొట్టి, స్కోరు షాట్లకు మంచి తూటాలు తీయడం అచ్చంగా ఇదే పొరపాటు. సైటర్లు కూడా మ్యాచ్ లాట్‌తోనే.

ప్రాక్టీస్‌కూ మ్యాచ్‌కూ ఒకే తూటాలు వాడాలా?

అవసరం లేదు. డబ్బు ఉన్నా అవసరం లేదు. హోల్డ్, పొజిషన్, ట్రిగ్గర్ మీద పనిచేసే రోజుల్లో ఎస్‌కే స్టాండర్డ్ ప్లస్ స్థాయి తూటా బాగా సరిపోతుంది. మ్యాచ్‌కు రెండు వారాల ముందు నుంచి మ్యాచ్ లాట్‌కు మారి సైట్ జీరో, గాలి క్లిక్కులు దానితోనే సరిచూసుకోవాలి. ప్రాక్టీస్ తూటా, మ్యాచ్ తూటా ఒకే కుటుంబానివైతే (ఎస్‌కే–ల్యాపువా, లేదా ఈలీలోనే రెండు గ్రేడ్లు) మార్పు తేలిక.

మన దేశంలో ఖడ్కీ మందుగుండు కర్మాగారం తూటాలతోనే ఎంతోమంది మొదటి గుండు పేల్చారు, ఎన్‌సీసీలో .22 డీలక్స్ రైఫిల్ పట్టినవాళ్లందరికీ అవి తెలుసు. మూడు పొజిషన్ల ప్రాథమిక పాఠాలకు అవి చాలు. వాటితో వచ్చిన గ్రూపును చూసి రైఫిల్ గురించి మాత్రం ఏ నిర్ణయానికీ రావద్దు.

మంచి లాట్ దొరికింది. ఎంత కొనాలి?

త్రీ పొజిషన్ మ్యాచ్‌లో లెక్కలోకి వచ్చేవి 60 షాట్లు, సైటర్లతో కలిపి 100 నుంచి 120 తూటాలు పోతాయి. ఏడాదికి ఎనిమిది పోటీలు, ప్రతి పోటీకీ ముందు నాలుగు సాధనలు అనుకుంటే 4,000 పైచిలుకు. అంటే ఒక కేస్. అంతకు తక్కువ కొంటే సీజన్ మధ్యలో లాట్ అయిపోయి మళ్లీ టెస్టులు మొదలు. ఆ లాట్ తిరిగి రాదు, అదే బ్రాండ్ అదే గ్రేడ్ కొత్త నంబరు మీ బ్యారెల్‌కు కొత్త తూటానే.

డీలర్‌తో మాట్లాడేటప్పుడు టెస్టుకు తీసుకున్న లాట్లలో కనీసం ఒక కేస్ చొప్పున వారం పాటు ఆపి ఉంచమని అడగండి. నెగ్గిన లాట్ అప్పటికే అమ్ముడైపోవడం కన్నా చిరాకు ఇంకోటి లేదు.

మన ఎండలకు తూటాలు పాడవుతాయా?

మందు అంత తేలిగ్గా పాడవదు, మైనం పాడవుతుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీలో మధ్యాహ్నం పెడితే పూత మెత్తబడి బాక్స్ అడుగుకు జారుతుంది, తూటాకు ఒక వైపు మందంగా, ఇంకో వైపు బోడిగా మిగులుతుంది. చూడ్డానికి పెద్ద తేడా కనబడదు. గ్రూపు మాత్రం పెద్దదైపోతుంది.

రేంజ్‌కు చిన్న థర్మల్ సంచీలో తీసుకెళ్లండి, మంచు ముక్కలు వద్దు. ఫైరింగ్ పాయింట్‌లో బాక్స్ నీడలో ఉండాలి, వాడేది తప్ప మిగతావి మూత వేసి ఉండాలి. ఇంట్లో 25 డిగ్రీల లోపు, పొడిగా ఉండే గదిలో తాళం వేసిన అల్మారా చాలు. ఫ్రిజ్‌లో పెట్టకండి. చల్లటి బాక్స్‌ను విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ల తేమ గాలిలో తెరిస్తే తూటాలకు చెమట పడుతుంది. సీసం మీద తెల్లటి పొడి కనిపించిన తూటాలు పక్కన పడేయాల్సిందే. వేళ్లతో ఎక్కువగా పట్టుకుని మైనం తుడిచేయడం, కింద పడి ఇసుక అంటినదాన్ని తుడిచి కొట్టడం, ఈ రెండూ బ్యారెల్‌కే చేటు.

చలిలో?

పది డిగ్రీల కన్నా కిందికి పోతే పూత గట్టిపడి చాలా లాట్లు చెదరడం మొదలుపెడతాయి. హైదరాబాద్ డిసెంబరు ఉదయాలకు ఇది పెద్ద బెంగ కాదు. ఢిల్లీ చలికాలపు ఉదయాలకూ, ఉత్తర అమెరికా, యూరప్‌లలో ఆడేవారికీ లెక్కే. బాక్స్ జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి. బయాథ్లాన్ (మంచు మీద స్కీయింగ్, షూటింగ్ కలిసిన ఆట) కోసం చేసిన తూటాలు (ఈలీ, ల్యాపువా రెండిట్లోనూ ఉన్నాయి) చలి కోసమే.

అంచు మందం కొలిచి, బరువు తూచి ఏరితే లాభముందా?

చవక తూటాల్లో కొంత ఉంది. చెత్తను ఏరేయడానికి పనికొస్తుంది. మంచి మ్యాచ్ లాట్‌లో ఆ కొలతలు ఇదివరకే దగ్గరగా ఉంటాయి. బరువులో పెద్ద భాగం సీసానిదీ ఇత్తడిదీ, మనల్ని బాధించే ప్రైమర్, మందు తేడాలను ఆ బరువుల మధ్య త్రాసు పట్టుకోలేదు. ఆ సాయంత్రం డ్రై ఫైరింగ్ (తూటా లేకుండా ట్రిగ్గర్ సాధన) చేసుకుంటే ఎక్కువ పాయింట్లొస్తాయి.

మొన్నటిదాకా బాగున్న లాట్ ఉన్నట్టుండి చెదురుతోంది. తూటాలు చెడ్డాయా?

నూటికి తొంభై సార్లు కాదు. ముందు చూడాల్సింది చాంబర్ ముందు భాగం. రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలి గాళ్లు) మొదలయ్యే చోట మసి, మైనం, ప్రైమర్‌లోని గాజు పొడి కలిసి గట్టి ఉంగరంలా పేరుకుంటాయి. తూటా లోపలికి తోసేటప్పుడు మామూలు కన్నా బిగువుగా అనిపిస్తే అదే గుర్తు. బోర్ గైడ్ (రాడ్‌ను నిటారుగా నడిపే గొట్టం) పెట్టి, చాంబర్ వైపు నుంచే, సాల్వెంట్ నానబెట్టి, కంచు బ్రష్‌తో ఆ చోటు ప్రత్యేకంగా శుభ్రం చేయండి. మూతి వైపు నుంచి రాడ్ తోయకండి, మజిల్ అంచు దెబ్బతింటే ఏ లాటూ కాపాడదు.

తర్వాత యాక్షన్ స్క్రూలు, సైట్ బేస్, ఫైరింగ్ పిన్ స్ప్రింగు. పిన్ గుర్తు అంచు మీద ఇదివరకటికన్నా లోతు తగ్గితే స్ప్రింగు అలసినట్టే, నిలువు చెదురు దాని వల్లా వస్తుంది. బ్యారెల్‌కు ట్యూనర్ (మూతి దగ్గర కంపనాన్ని సరిచేసే బరువు) ఉంటే అది కదిలిందేమో చూడండి. ఇవన్నీ అయ్యాక కూడా అలాగే ఉంటే, కొత్త బాక్స్ నంబరు పాతదేనా అని చూడండి. నవ్వకండి, జవాబు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ట్రిగ్గర్ నొక్కితే పేలలేదు. ఏం చేయాలి?

మూతి టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే తూటా ఉండొచ్చు. పోటీలో అయితే రేంజ్ అధికారికి చెప్పండి. తర్వాత బోల్ట్ తీయండి. పిన్ గుర్తు నిండుగా ఉంటే తప్పు తూటాది, ఆ చోట ప్రైమర్ చేరలేదన్నమాట. పలుచగా ఉంటే రైఫిల్‌ది.

"టప్" అని నీరసంగా మోగి టార్గెట్ మీద రంధ్రం లేకపోతే ఇంకో తూటా పెట్టనే వద్దు. బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుని ఉండొచ్చు. ఖాళీ చేసి, రాడ్‌తో చూసి, దారి ఉందని తేలాకే తర్వాతి షాట్.

మ్యాచ్ చాంబర్‌లో బుల్లెట్ ముక్కు రైఫ్లింగ్‌లోకి దిగి కూర్చుంటుంది. పేలని తూటాను లాగితే బుల్లెట్ అక్కడే ఉండి తొడుగు ఒక్కటే ఊడి వచ్చి, మందు గింజలు యాక్షన్‌లో ఒలకవచ్చు. ఆ గింజలు ట్రిగ్గర్‌లోకి పోకముందే తుడవండి.

గాలికి తక్కువ కదిలే తూటా ఏది?

ఒకే బరువు, ఒకే వేగం ఉన్న మ్యాచ్ తూటాల మధ్య ఆ తేడా చాలా చిన్నది. సెకనుకు ఒక మీటరు పక్కగాలికి బుల్లెట్ సుమారు 6 మి.మీ. జరుగుతుంది, ఏ కంపెనీదైనా. కుడి చుట్టు రైఫ్లింగ్‌లో కుడి నుంచి గాలి వీస్తే ఎడమకూ కొంచెం పైకీ, ఎడమ నుంచి వీస్తే కుడికీ కొంచెం కిందికీ పోతుంది. గడియారంలో పదికీ నాలుక్కీ గీత గీసినట్టు ఏటవాలుగా గ్రూపు సాగితే లాట్‌ను తప్పు పట్టకండి, జెండాలు చూడండి.

లైసెన్సు, దిగుమతి, ప్రయాణం సంగతేమిటి?

.22 రైఫిల్‌కూ తూటాలకూ 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. ఎన్ని కొనవచ్చన్నది షూటర్ అర్హత స్థాయిని బట్టి మారుతుంది, ప్రతి కొనుగోలూ లైసెన్సులో నమోదవుతుంది. విదేశీ మ్యాచ్ తూటాల విషయంలో మీ రాష్ట్ర రైఫిల్ సంఘం, ఎన్‌ఆర్‌ఏఐ (జాతీయ రైఫిల్ సంఘం) ద్వారా వెళ్లడమే దారి. కాగితాలకు నెలలు పట్టవచ్చు, కాబట్టి సీజన్ మొదలయ్యాక కాదు, ముగిసిన వెంటనే మొదలుపెట్టండి.

విమానంలో తూటాలు చెక్-ఇన్ సామానులోనే, కంపెనీ బాక్సుల్లోనే. ఐఏటీఏ (అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం) నిబంధన ప్రకారం ఒక ప్రయాణికుడికి మొత్తం 5 కిలోల దాకా, అదీ విమాన సంస్థ ముందస్తు అనుమతితో. 500 తూటాల ఇటుక సుమారు 1.75 కిలోలు తూగుతుంది, అంటే రెండున్నర ఇటుకలు దాటితే జాగ్రత్త. జట్టులో ఇద్దరి కోటా కలిపి ఒకే పెట్టెలో పెడితే కౌంటర్ దగ్గర ఆపేస్తారు.

ఇదే లాట్ 100, 200 మీటర్లకు పనికొస్తుందా? 300 మీటర్లకు?

100 మీటర్ల వద్ద సెకనుకు 10 మీటర్ల వేగం తేడా సుమారు 30 మి.మీ. నిలువు చెదురు అవుతుంది, 200 వద్ద దాదాపు 12 సెంటీమీటర్లు. 50 మీటర్ల గ్రూపు ఎంత చిన్నదైనా దూరంలో దాని హామీ లేదు. అక్కడ క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) తప్పనిసరి. కనీసం 40 షాట్ల మీద ప్రామాణిక విచలనం సెకనుకు 3 మీటర్ల లోపు ఉన్న లాట్ ఏరుకుని, ఆ దూరంలోనే మళ్లీ కొట్టి చూడాలి.

300 మీటర్ల ఐఎస్‌ఎస్‌ఎఫ్ ఈవెంట్ సెంటర్‌ఫైర్‌ది, 8 మి.మీ. లోపు క్యాలిబర్ ఏదైనా సరే. అక్కడ 6 మి.మీ. బీఆర్ నార్మా అనే తూటా బాగా వాడుకలో ఉంది. అమెరికాలో వెయ్యి గజాలు ఆడే తెలుగువారు .308 ఎంచుకుంటే 175 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్‌తో, 6.5 క్రీడ్‌మూర్ ఎంచుకుంటే 140 గ్రెయిన్ల ప్రాంతంలో మొదలుపెట్టవచ్చు. .308లో ఆ బుల్లెట్ వెయ్యి గజాలు చేరేసరికి శబ్దవేగం దగ్గరికి వచ్చేస్తుంది, 6.5కు ఇంకా వేగం మిగిలి ఉంటుంది. కొనేముందు బ్యారెల్ ట్విస్ట్ (రైఫ్లింగ్ ఒక చుట్టు తిరిగే పొడవు) చూసుకోండి. పొడవాటి బరువు బుల్లెట్‌ను నెమ్మది ట్విస్ట్ బ్యారెల్ నిలబెట్టలేదు, కాగితం మీద రంధ్రం గుండ్రంగా కాక కోలగా పడితే కారణం అదే.